మేస్త్రి జేబులో మూడు ఫ్యూజులు

మా పక్కింటి అన్న పాలకేంద్రం నుంచి వచ్చి, బండి మీది ఖాళీ క్యాన్లు దించకుండానే మా వాకిట్లో నిలబడి చెప్పాడు. “రంపం మేస్త్రి పోయిండట. ఇయ్యాల పొద్దుగాల, దవాఖానల.”

బియ్యం చెరుగుతున్న అమ్మ చేట ఆపింది. “మిషనేనా?” అని అడిగింది.

“కాదట చిన్నమ్మా. గుండెనట,” అన్నాడు అన్న, ఆ మాట మీద తనకే గురి లేనట్టు.

ఆ పొద్దున సురంగల్‌లో ఈ కబురు విన్న ప్రతి ఒక్కరూ మొదట అడిగింది మిషన్ గురించే. ముప్పై ఏళ్లు రంపం బల్ల ముందు నిలబడ్డ మనిషి మామూలు మనిషిలా గుండెపోటుతో పోతాడని ఎవరూ అనుకోలేదు. అసలు ఆయనకు పది వేళ్లూ ఉండడమే మా ఊరికి ఎప్పుడూ కొంచెం అనుమానంగా ఉండేది. ఆ పనిలో పది వేళ్లతో ముసలివాళ్లయినవాళ్లు తక్కువ. మా నాన్నకు ఎనిమిది.

నాన్న ఏమీ అడగలేదు. కొక్కేనికున్న చొక్కా తీసి వేసుకుని, పొయ్యి మీది చాయ్ కోసం ఆగకుండా బయటికి నడిచాడు.

“ఏడికి?” అంది అమ్మ.

“ఆడికే.”

పదేళ్లలో నాన్న ఆ ఇంటివైపు వెళ్లడం అదే మొదటిసారి. అమ్మ నా వైపు చూసింది. నేను నా నోటుబుక్కు ఎక్కడుందా అని ఆలోచిస్తున్నాను. దాని చివరి పేజీలో ‘అనుమానాలు’ అని రాసి, కింద గీత గీసి, ఆ మనిషి గురించి నేను ఒకటొకటిగా రాసుకున్నవన్నీ ఉన్నాయి. ఆయన గురించి ఇప్పుడు నాలుగు మాటలు రాయాలంటే ఆ పేజీతోనే మొదలుపెట్టాలి.

మొయినాబాద్ నుంచి సురంగల్ వచ్చే దారిలో ఎడమవైపు ఒక రేకుల షెడ్డు ఉంది. లోపల ఇనుప బల్ల. బల్ల మధ్యలో సన్నని చీలిక. ఆ చీలికలోంచి సగం పైకి లేచిన గుండ్రటి రంపం, కింద మోటారు. పనివాళ్లు దాన్ని మిషన్ అనే అంటారు. అటు హైటెక్ సిటీలో అద్దాల మేడలు లేస్తున్నకొద్దీ ఇటు మా దగ్గర ఫామ్‌హౌస్‌ల ప్రహరీలు లేచాయి. ఆ ఇళ్ల దర్వాజలకు, తలుపులకు కర్ర కోసేది ఎక్కువగా ఆ షెడ్డులోనే.

మా బోరు ఎండిపోయాక నాన్న అక్కడ పనికి చేరాడు. నేను మూడో తరగతిలో ఉండగా ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. రంపం ఆగింది. చీలికలో ఇరుక్కున్న చెక్క పేడును తీయడానికి నాన్న కుడిచెయ్యి పెట్టాడు. రంపం తిరిగింది. చూపుడు వేలు, మధ్య వేలు పోయాయి.

ఆ మిషన్‌కు ఒక పద్ధతి ఉంది. కరెంటు పోయి వచ్చినా అది తనంతట తాను తిరగదు. షెడ్డు బయటి గోడకు స్టార్టరు డబ్బా ఉంటుంది. దాని మీది పచ్చ బొత్తాం ఎవరో ఒకరు నొక్కాలి. ఆ రోజు ఆ డబ్బా దగ్గర ఉన్నది మేస్త్రి ఒక్కడే. దారిన పోతున్న ఇద్దరు చూశారు. ఆయన చెయ్యి డబ్బా మీద ఉంది.

మా ఇల్లు పదేళ్లు ఆ ఒక్క వాక్యం మీద బతికింది. “బొత్తాం నొక్కుటానికి గాకపోతే డబ్బా మీద చేతికేం పని?” అనేది అమ్మ. ఎవరు అడిగినా, అడగకపోయినా అనేది. ఆ మాట వచ్చినప్పుడల్లా నాన్న లేచి బయటికి వెళ్లేవాడు. బాధతో వెళ్తున్నాడనుకునేదాన్ని. అప్పట్లో మేస్త్రి ఒకసారి మా ఇంటికి వస్తే అమ్మ ఆయన ముఖం మీదే తలుపు వేసింది. ఆయన ఎవరితోనూ కాదనలేదు, అవుననలేదు. అడిగినవాళ్లకు “నా చెయ్యి డబ్బా మీదనే ఉండె” అని మాత్రం చెప్పాడట.

నిరుడు డిగ్రీలో చేరాక మా తెలుగు సార్ ఒక పని అప్పగించాడు. ఎవరి ఊళ్లో వాళ్లు ఒక పనివాని దగ్గరికి పోయి, ఆ పనిలో వాడే మాటలు సేకరించి తేవాలి. తోటివాళ్లు కుమ్మరి దగ్గరికి, మంగలి దగ్గరికి వెళ్లారు. నేను రంపం మేస్త్రిని ఎంచుకున్నాను. మాటల మీద నాకు అప్పుడప్పుడే ప్రేమ పుట్టింది, అది నిజమే. కాని నేను వెళ్లింది మాటల కోసం కాదు. బొత్తాం ఎవరు నొక్కారో తెలుసుకోవడానికి.

ఆయన నన్ను గుమ్మం దగ్గరే ఆపాడు. పొడుగ్గా, ఎండిన కర్రలా, ముంజేతుల దాకా పొట్టు అంటుకుని ఉన్నాడు.

“ఎవరు పంపిన్రు?”

“మా తెలుగు సార్, తాతా. పనిముట్ల పేర్లు రాసుకొని రమ్మన్నడు.”

“మీ అమ్మ పంపలే?”

“లే.”

“మీ బాపుకు ఎరికేనా, నువ్వు వచ్చింది?”

“లే.”

“ఎవ్వరికి ఎరుక లేకుండ వచ్చినోళ్లను ఎట్ల నమ్మాలె బిడ్డా?” అన్నాడు. తర్వాత చెయ్యి చాపాడు. “బుక్కు తే. పోలీసోళ్లు గూడ గిట్లనే బుక్కు పట్టుకొని వచ్చిన్రు అప్పుడు.”

ఇచ్చాను. ఆయన చదవడం కూడబలుక్కునే చదివేవాడు గాని, ఆ రోజు చదవలేదు. నా అక్షరాలను కళ్లకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు. “గీ రాత నాకెరికే,” అని బుక్కు తిరిగి ఇచ్చేశాడు.

నా రాత ఆయన అంతకు ముందు చూసే అవకాశమే లేదు. ఇంటికొచ్చి చివరి పేజీలో రాశాను. ఒకటి, చెయ్యి డబ్బా మీద. రెండు, నా రాత ఎట్లా తెలుసు? నాలుగు రోజుల్లో మూడోది కూడా చేరింది. షెడ్డులో అటక మీద, సున్నం డబ్బాల వెనక, గోనెగుడ్డలో చుట్టిన మూట ఒకటి ఉంది. చేవెళ్ల నుంచి బస్సులో వచ్చే పనివాళ్లు ఇద్దరు, యాదయ్య, శీను. ఒకనాడు శీను ఆకురాయి కోసం వెతుకుతూ ఆ మూట మీద చెయ్యి వేస్తే, మేస్త్రి ఉన్నచోటు నుంచే అన్నాడు. “దాన్ని ముట్టినోడు అటు నుంచి అటే చేవెళ్ల బస్సెక్కాలె.”

అంత అనుమానించే మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. ఆయన కర్రను నమ్మడు. కొండకల్ నుంచి కూలగొట్టిన పాత ఇళ్ల దూలాలు వచ్చేవి. పాత కర్రతో చేసిన తలుపులంటే ఫామ్‌హౌస్‌వాళ్లకు మోజు. ఆయన పగిలిన రేడియోలోంచి తీసిన అయస్కాంతానికి దారం కట్టి, ప్రతి దూలం మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా ఊపుకుంటూ వెళ్లేవాడు. దారం వంగినచోట సుద్దతో గుండ్రంగా గీసేవాడు. “ఇల్లు కట్టినోడు మేకు ఏడ కొట్టిండో చిట్టి రాసిపెట్టి పోయిండా? రంపం పన్ను మేకుకు తాకితే పన్ను ఇరిగి ఎవని కండ్ల పడ్తదో ఎవనికెరుక?” అని గొణిగేవాడు.

పనివాళ్ల మణికట్లను నమ్మడు. చిలుకూరు గుడికి పోయి వచ్చిన ప్రతివాని చేతికీ ఒక దారం ఉంటుంది. షెడ్డు గుమ్మానికి ఒక మేకు కొట్టి ఉండేది. లోపలికి వచ్చేవాళ్లు దారం విప్పి ఆ మేకుకు తగిలించాలి, సాయంత్రం పోయేటప్పుడు మళ్లీ కట్టుకోవాలి. “దేవుని మీద నమ్మకం లేదు ముసలోనికి,” అని ఊళ్లో అనుకునేవాళ్లు. ఆ మాట ఆయన చెవిన పడ్డప్పుడు నేనక్కడే ఉన్నాను. “దేవుని మీద ఉన్నది. దారం మీద లేదు,” అన్నాడు.

ఇక కరెంటు. ఆయన అందరికంటే ఎక్కువ అనుమానించింది దాన్నే. కరెంటు పోయిన మరుక్షణం ఆయన చేసే మొదటి పని, గోడకున్న మిషన్ ఫ్యూజుల పెట్టె తెరిచి మూడు పింగాణీ ఫ్యూజులూ పీకి చొక్కా జేబులో వేసుకోవడం. ఆ తర్వాతే మిషన్ దగ్గరికి ఎవరినైనా రానిచ్చేవాడు. నడుస్తుంటే అవి జేబులో ఒకదానికొకటి తగిలి చప్పుడయ్యేవి. కరెంటు పోగానే కొత్తవాళ్లకు పరీక్ష పెట్టేవాడు.

“శీనూ, మిషన్ ఆగిందా?”

“ఆగింది మేస్త్రీ.”

“అయితే నువ్వు ఇంటికి పో.”

“అరే, కరెంటే లేదు గదా మేస్త్రీ! ఆగక ఏం జేస్తది?”

“అది ఆగలే. కూసున్నది. నువ్వు కూసుంటె లేవవా ఏంది?”

యాదయ్య నవ్వాడు. “వీడు కూసుంటె లెవ్వడు మేస్త్రీ. మిషన్ వీని కన్న నయం.”

మేస్త్రి నవ్వలేదు. “తిరిగేదాన్ని చూస్తే ఎవడైనా భయపడ్తడు. కూసున్నదాన్ని చూసి భయపడాలె,” అని జేబు తడుముకున్నాడు. నేను ఆ మాట రాసుకున్నాను. పక్కనే, ‘ఇంత భయం ఎందుకు? చేసింది గుర్తొచ్చా?’ అని కూడా రాసుకున్నాను.

మిషన్ వెనకాల రేకు గోడకు, నా నడుమంత ఎత్తులో, పిడికిలంత సొట్ట ఉంది. కొత్తవాళ్లు వచ్చినప్పుడు ఆయన ఉపన్యాసం ఇచ్చేవాడు కాదు. చెయ్యి పట్టుకుని ఆ సొట్ట దగ్గరికి తీసుకెళ్లేవాడు. “కోస్తున్న కర్ర రంపాన్ని బిగబట్టిందనుకో, రంపం దాన్ని వెనకకు తంతది. గీ సొట్ట అట్ల పడ్డదే. ఇప్పుడు చెప్పు, రంపానికి ఎదురుంగ నిలబడ్తవా, పక్కకు నిలబడ్తవా?” అనేవాడు. సొట్టలో వేళ్లు పెట్టి చూసినవాడు ఇంకెప్పుడూ ఎదురుగా నిలబడలేదు.

ఒకరోజు గచ్చిబౌలి నుంచి ఒకాయన కారులో వచ్చాడు. చిలుకూరు వైపు ఇల్లు కట్టుకుంటున్నాడు. మెడలో నీలం పట్టీ, దానికి వేలాడే ఆఫీసు కార్డు. తన ఇంటి కర్ర తన చేత్తో ఒక్కటైనా కోయాలని ఆయన సరదా. చేతులకు తొడుక్కునే తోలు గ్లౌజులు కూడా తెచ్చుకున్నాడు.

“అవి తీసెయ్యి సారూ,” అన్నాడు మేస్త్రి.

“సేఫ్టీ కోసం తెచ్చుకున్నానండీ.”

“పన్ను వేలుకు తాకితే వేలు తెగుతది. గ్లౌజుకు తాకితే చెయ్యంత లోపలికి గుంజుకపోతది. ఏది కావాలె నీకు?”

ఆయన గ్లౌజులు తీసేశాడు.

“మెడల ఆ పట్టీ ఏంది?”

“మా కంపెనీ కార్డు.”

“వంగినప్పుడు అది రంపంల పడితే కంపెనీ వచ్చి ఇడిపిస్తదా?”

ఆయన నవ్వుతూ కార్డు తీసి, గుమ్మం మేకుకు దారాల మధ్య తగిలించాడు. ఉంగరం తీశాడు, గడియారం తీశాడు. చివరికి మేస్త్రి ఆయన చేతికి తోపుడు కర్ర ఒకటి ఇచ్చాడు. కొసకు గాటు కోసిన మూరెడు చెక్క అది. కోయాల్సింది జానెడు మిగలగానే చేతులు వెనక్కి తీసుకుని ఈ కర్రతోనే నెట్టాలి. ఆ సారు ఒక్క పలక కోసి, చెమట తుడుచుకుని, “మా మేనేజర్ కూడా ఇన్ని ప్రశ్నలు అడగడు,” అన్నాడు. మేస్త్రి ఆయన పది వేళ్లనూ లెక్కపెట్టినట్టు చూసి, “మల్ల రా సారూ,” అన్నాడు. ఆయనలో నేను చూసిన మర్యాద అంతే.

ఆ సారు వెళ్లాకే మేస్త్రి నన్ను పిలిచాడు. “బుక్కుల రాసుకునుడేనా? గోడకు ఒక బోర్డు రాసియ్యి. నేను లేనప్పుడు అది చెప్పాలె.”

నాకు సంబరం వేసింది. నల్ల రంగు పూసిన ప్లైవుడ్ పలక మీద తెల్ల రంగుతో, రాత్రంతా అనుకుని పెట్టుకున్న మాటలు తీర్చిదిద్దాను. ‘అజాగ్రత్త ప్రాణాంతకం. అప్రమత్తతే మీ రక్షణ కవచం.’ కొంచెం దూరం జరిగి చూసుకున్నాను. బాగా వచ్చింది.

మేస్త్రి కూడబలుక్కుని చదివాడు. “అప్రమత్తత అంటే?”

“జాగ్రత్తగా ఉండుడు.”

“జాగ్రత్తగా అంటే?”

“అంటే… చూసుకొని పని చేసుడు.”

“ఏం చూసుకోవాలె? రంపాన్నా, కర్రనా, కరెంటునా? ఇది చదివినోడు చెయ్యి ఏడ పెట్టాలె?”

నేను బోర్డును మళ్లీ మొదటి నుంచి చదువుకున్నాను.

“మాట మంచిగున్నది బిడ్డా. కాని చేతికి పని చెప్తలేదు,” అని తడిగుడ్డతో తుడిచేశాడు. నాకు ఏడుపొచ్చింది. నా మాటలు కొట్టేసిన మొదటి మనిషి ఆయన. ఆయన మీద ఇంకో అనుమానం రాసుకుందామని చూశాను గాని, అది అనుమానం కాదని అప్పటికే తెలిసిపోయింది.

ఆ బోర్డుకు మాకు నెల పట్టింది. ఒక్కో మాట ఆయన అనుమానించేవాడు. ‘రంపం ఎత్తు తగినంత ఉంచాలి’ అని రాస్తే, “తగినంత అంటే ఎవనికి తగినంత?” అన్నాడు. రంపాన్ని ఎంత ఎక్కువ పైకి లేపితే అంత ఎక్కువ పళ్లు బయట ఉంటాయి, చెయ్యి జారితే అన్నీ తగులుతాయి. అది వివరించి, చివరికి ‘పళ్లు కర్ర మీదికి శనగ గింజంత కనిపిస్తే చాలు’ అని రాయించాడు. ‘రంపం పూర్తిగా నిలిచేదాకా తెగిన ముక్కను ముట్టకు’ అని రాశాక, శీనును పిలిచి చదివించాడు. “నిలిచింది అని నీకెట్ల తెలుస్తది?” అని అడిగాడు. “చప్పుడు ఆగితే,” అన్నాడు శీను. “తప్పు. చప్పుడు ముందు ఆగుతది, పళ్లు ఎనక ఆగుతయి. పళ్లు ఒక్కటొక్కటి లెక్కకు వస్తున్నయా చూడాలె,” అన్నాడు మేస్త్రి. ఆ వాక్యం మార్చాం. ‘పళ్లు ఒక్కొక్కటిగా లెక్కపెట్టగలిగినప్పుడే ముక్కను ముట్టు.’ నేను చదివిన ఏ పుస్తకంలోనూ అంత నిక్కమైన వాక్యం చూడలేదు.

ఆ రోజుల్లో ఆయన దగ్గర కూర్చోవడం నాకు ఇష్టమైపోయింది. అందుకే భయం కూడా వేసింది. ఇష్టం అడ్డొస్తే అసలు సంగతి ఎప్పటికీ తెలియదనుకున్నాను. ఒక సాయంత్రం, రంగు కలుపుతున్నట్టు నటిస్తూ అన్నాను. “తాతా, ఉదాహరణకు మా బాపు సంగతి రాద్దామా? చదివినోళ్లకు గుర్తుంటది.”

ఆయన పలకను నున్నచేస్తున్న రందా ఆపాడు. “బోర్డు మీద మనిషి పేరు రాయొద్దు. చేసేది రాయాలె.”

“పేరు లేకుండనే రాస్త. ఆ రోజు మీ చెయ్యి ఏడుండె?”

“డబ్బా మీద.”

“ఎందుకు?”

ఆయన నా వైపు చూడలేదు. అటక వైపు చూశాడు. “ఉండె. గంతే రాసుకో.” మళ్లీ రందా అందుకుంటూ అన్నాడు. “బోర్డు మీద అడుగున ఒక లైను ఖాళీ ఉంచు. అది మెల్లగ రాద్దాం.”

నేను బ్రష్షు కడగకుండా వచ్చేశాను. ఇంట్లో చెప్పాను. “మేస్త్రే ఒప్పుకున్నడు. చెయ్యి డబ్బా మీదనే ఉండెనట.” అమ్మ, “నేను పదేండ్ల సంది చెప్తలేనా?” అంది. నాన్న తింటున్న కంచం ముందు నుంచి లేచి బయటికి వెళ్లాడు. నేను చివరి పేజీలో మొదటి అనుమానం పక్కన టిక్కు పెట్టాను. మాటల పట్టిక సార్‌కు ఇచ్చేశాను, మెచ్చుకున్నాడు. షెడ్డుకు మళ్లీ వెళ్లలేదు. కాలేజీ బస్సు రోజూ ఆ షెడ్డు ముందు నుంచే పోతుంది. రెండు నెలలు నేను షెడ్డు కనబడని వైపు కిటికీ దగ్గరే కూర్చున్నాను.

ఆయన పోయిన మూడో రోజు, ఆయన పేర పిట్టకు ముద్ద పెట్టి వచ్చాక, అందరం షెడ్డులో కూర్చున్నాం. నాన్న నన్నూ అమ్మనూ రమ్మన్నాడు. అమ్మ గుమ్మం దాకా వచ్చి, లోపలికి రాకుండా నిలబడింది. ఒక ఎత్తు పీట మీద మేస్త్రి ఫోటో పెట్టారు. ఏదో గుర్తింపు కార్డు కోసం తీయించుకున్నది, పెద్దది చేయించారు. అందులోనూ కెమెరాను నమ్మనట్టే చూస్తున్నాడు. పైన బల్బు ఉంది గాని, కరెంటు లేదు.

మేస్త్రిని దవాఖానకు తీసుకుపోయిన నాటి నుంచి, నాలుగు రోజులుగా, యాదయ్య, శీను మిషన్ ఫ్యూజుల కోసం వెతుకుతున్నారట. సగం కోసిన దర్వాజలు ఉన్నాయి. పెట్టెలో ఫ్యూజులు లేవు. మేస్త్రి భార్య షెడ్డు వెనక ఇంట్లోకి వెళ్లి దవాఖాన వాళ్లిచ్చిన ప్లాస్టిక్ సంచి తెచ్చింది. అందరిలాగే నేనూ ఆమెను అవ్వ అంటాను. సంచిలోంచి చొక్కా తీసి, దాని జేబులోంచి ఒకటి, రెండు, మూడు తెల్లటి ఫ్యూజులు తీసి ఫోటో ముందు పెట్టింది. “ఆ పొద్దు కరెంటు పోయినప్పుడే రొమ్ముల నొప్పి అన్నడు. అవి పెట్టుకొనే బండెక్కిండు,” అంది.

ఇప్పుడు అడగకపోతే ఇక ఎవరినీ అడగలేను.

“అవ్వా, అటక మీద ఆ మూట ఏంది?”

అవ్వ నన్ను ఎగాదిగా చూసింది. “అడిగినవా?” అంది. “ఆ పిల్ల అడుగుతే ఇయ్యి, అడగకపోతే పాత ఇనుపోనికి ఏసెయ్యి అన్నడు. యాదయ్యా, దించు.”

గోనెగుడ్డ విప్పాను. లోపల తుప్పు పట్టిన చిన్న రేకు డబ్బా, దానికి తెగిన వైర్లు. మూత మీద ఎర్ర రంగుతో వంకరటింకర అక్షరాలు. మా నాన్న పేరు. ఒత్తు కింద పొడుగ్గా లాగిన తోక నాది. రెండో తరగతిలో ఉండగా, మా బోరు దగ్గర, ఎవరి డబ్బా వాళ్లకు తెలియాలని నాన్న నా చేత రాయించిన పేరు అది. నేను పలక మీద కాకుండా బయట రాసిన మొట్టమొదటి మాట. మేస్త్రికి నా రాత తెలిసింది దీని వల్ల.

బోరు ఉన్నవాళ్లందరికీ ఆ డబ్బా తెలుసు. ఆటో స్టార్టరు. అది ఉంటే కరెంటు వచ్చినప్పుడు ఎవరూ వెళ్లి బొత్తాం నొక్కనక్కర్లేదు. మోటారు తనంతట తానే తిరుగుతుంది.

“బోరు ఎండినంక ఊకనే ఉండె ఇది,” అన్నాడు నాన్న. ఆయన నాతో కాదు, ఫోటోతో మాట్లాడుతున్నాడు. “కరెంటు పోయి వచ్చినప్పుడల్ల బొత్తాం నొక్కుటానికి బయటికి ఉరకాలె. ఇది పెడితే మంచిగుంటది గదా అని ఆ పొద్దుగాల నేనే మిషన్ స్టార్టరుకు బిగిచ్చిన. ఎవ్వరికి చెప్పలే. మధ్యాహ్నానికి నేనే మర్శిపోయిన.”

“మరి తాత చెయ్యి?” అన్నాను.

“మేస్త్రి పొద్దుగాలనే చూసిండట దీన్ని. ఇదేంది అని అడుగుదామనుకున్నడట. గిరాకీ వచ్చిన్రు, అడగలే. కరెంటు పోయినంక యాదికొచ్చి వైరు గుంజుదామని పోయిండు. చెయ్యి పెట్టుడు, కరెంటు వచ్చుడు, ఒక్కటే సారి.” నాన్న తన ఎడమచేత్తో కుడిచేతిని పట్టుకున్నాడు. “దవాఖానల నా దగ్గర కూసొని అన్నడు. నీ వేళ్లు పోయినయి, మల్ల ఊరంత నవ్వాల్నా? నువ్వు మాట్లాడకు. చూసి అడగంది నేను, తప్పు నాదే అన్నడు. రెండు రోజులు ఊకుందామనుకున్న. పదేండ్లయింది.”

గుమ్మం దగ్గర అమ్మ కిందికి కూర్చుండిపోయింది. “అవ్వా, నేను ఆయన ముఖం మీద తలుపేసిన,” అంది.

“ఏసినవట. ఇంటికొచ్చి చెప్పిండు,” అంది అవ్వ. “తలుపు నేను చేసిందే, ఇంత సందు లేకుండ పడ్డది అని మురిసిండు.”

అమ్మ నవ్విందో ఏడ్చిందో నాకు తెలియలేదు.

బోర్డు గోడకు ఉంది. అడుగున ఒక లైను ఖాళీగా ఉంది. నేను విడిచిపోయిన బ్రష్షును ఎవరో కడిగి డబ్బా మీద పెట్టారు. నాన్న రంగు డబ్బా పట్టుకున్నాడు, ఎనిమిది వేళ్లతో. నేను రాశాను. ‘బోరు మోటారు డబ్బా రంపానికి బిగించకు. కొత్తది ఏది కనబడినా, ఎవరు పెట్టారో అడిగినాకే బొత్తాం నొక్కు.’

“నా పేరు గూడ రాయి,” అన్నాడు నాన్న. “ఎవరు పెట్టిన్రో అందరికి తెల్వాలె.”

“బోర్డు మీద మనిషి పేరు రాయొద్దు బాపూ. చేసేది రాయాలె.”

యాదయ్య తల ఎత్తి నా వైపు చూశాడు. ఆ మాట ఎవరిదో అతనికి తెలుసు.

నోటుబుక్కులో ఆ చివరి పేజీ ఇంకా ఉంది. చింపెయ్యలేదు. ఆయన ఉంటే చింపనిచ్చేవాడు కాదనుకుంటాను. ఇప్పుడు ఏదైనా అందమైన మాట రాసినప్పుడు, ఇది చదివినవాడు చెయ్యి ఎక్కడ పెట్టాలి అని నన్ను నేను అడుగుతాను. చాలాసార్లు కొట్టేస్తాను.

రంగు ఆరకముందే కరెంటు వచ్చింది. ఫోటో మీద బల్బు వెలిగింది. రోడ్డుకు అటువైపు పొలాల్లో ఒక బోరు మోటారు మొదలైంది, దాని వెనక ఇంకొకటి, తర్వాత సురంగల్ దాకా అన్నీ, ఎవరూ వెళ్లి నొక్కకుండానే. మేమందరం ఒక్కసారిగా మిషన్ వైపు చూశాం. శీను కాళ్లు దగ్గరికి లాక్కున్నాడు.

అది కూర్చునే ఉంది. ఫోటో ముందు పసుపు కుంకుమల పక్కన మూడు ఫ్యూజులు తెల్లగా మెరుస్తున్నాయి.